స్లాబు దావత్

నఖల్ ఊరు దాటేలోగా అడిగేయాలని జిలాని అనుకున్నాడు. నఖల్ దాటిపోయింది. కోట దాటింది, ఖర్జూరం తోటలు దాటాయి, రోడ్డు పక్కన హల్వా అమ్మే దుకాణాలు దాటాయి, రామసుబ్బయ్య పికప్ ఎనభైకి మించకుండా, తగ్గకుండా పోతూనే ఉంది, జిలాని నోరు మాత్రం పెగల్లేదు. ఉన్నది ఒక్క మాట. అన్నా, నాకు సొంత ఇల్లు లేదు, ఇన్నాళ్ళూ ఉందని చెప్పింది అబద్ధం, ఈ కాగితం మీద సాక్షి సంతకం పెట్టు. అంతే. రుస్తాఖ్‌లో బండెక్కేటప్పుడు ఆ మాట నాలుక చివరే ఉంది. సీటు బెల్టు పెట్టుకునేసరికి వెనక్కి జారుకుంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, కవర్లో అర్జీ. సీమ మిత్రుల సహాయ నిధి, మొదటి ఇల్లు కొనేవారికి రిజిస్ట్రేషన్ ఖర్చుల సాయం, వడ్డీ లేదు, రెండేళ్ళలో వాయిదాలుగా తిరిగి కట్టాలి. కింద రెండు సాక్షి గీతలు. మొదటి గీత మీద బామ్మర్ది కమ్రాన్ సంతకం ఉంది, దుక్మ్ క్యాంపు నుంచి కంపెనీ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించాడు. రెండో గీత ఖాళీ. బంధువులవైతే ఒక్క సంతకమే చెల్లుతుంది. రెండోవాడు చుట్టం కాకూడదు, సొంత ఊరి వాడై ఉండాలి, నిధిలో సభ్యుడై ఉండాలి. రాయచోటి వాడు, చుట్టం కానివాడు, నిధిలో ఉన్నవాడు ఒమన్ మొత్తం వెతికినా ఒక్కడే, ఇదిగో పక్కన కూర్చుని స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్న ఈ మనిషే. శుక్రవారం, సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక బయల్దేరారు. అల్ ఖువైర్‌లో హోటల్ పైన మీటింగు ఐదున్నరకి. అడగాలంటే ఈ రోడ్డు మీదే అడగాలి, అక్కడ అందరి ముందూ అడగలేడు.

సోమవారం రాయచోటిలో ఫ్లాటు రిజిస్ట్రేషన్. స్లాట్ బుక్ చేశారు, పొద్దున పదకొండున్నర. ఆ రోజుకి డబ్బు కట్టకపోతే అగ్రిమెంటు గడువు చెల్లిపోతుంది, ఇచ్చిన రెండు లక్షల అడ్వాన్సు బిల్డరు జేబులో మిగిలిపోతుంది. ఆ కాగితం మీద తనే సంతకం పెట్టాడు, చదవకుండా పెట్టాడు, ఎవరు చదువుతారు అంత చిన్న అక్షరాలు. పద్నాలుగేళ్ళు రుస్తాఖ్‌లో సిమెంటు, టైల్సు, కుళాయిలు అమ్మే షాపులో కౌంటరు వెనక నిలబడ్డాడు. ఎవరి ఇంటికి ఎన్ని బస్తాలు పడతాయో గోడ చూసి చెప్పేస్తాడు. ఆ ఊళ్ళో సగం ఇళ్ళ కుళాయిలు తన చేతుల మీదుగా పోయినవే. అంత తెలిసినవాడికి ఇల్లు కొనడమంటే ఇల్లు కొనడం మాత్రమే అనిపించింది. ముప్ఫై రెండు లక్షల ఫ్లాటు, రెండు గదులు, హాలు, మూడో అంతస్తు, తూర్పు వాకిలి. బ్యాంకు లోన్ ఇంత, చేతి డబ్బు ఇంత, సరిపోయింది, అల్‌హందులిల్లా అనుకున్నాడు. అప్పుడు కడప బ్రాంచి నుంచి నవీన అనే అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు ఎంత మెత్తగా ఉందో, చెప్పిన మాట అంత గట్టిగా తగిలింది. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు, లాయరు చూసిన ఫీజు, లోన్ ప్రాసెసింగు, డాక్యుమెంట్ రైటరు. అన్నీ కలిపితే మూడు లక్షలకు దగ్గర. అది లోన్‌లో రాదు సార్, మీ ఓన్ ఫండ్స్ సార్. సార్ సార్ అంటూనే కడుపులో గుద్దింది. పోనీ ఆ పిల్ల తప్పేముంది, ఉద్యోగం. మరి ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదు? బిల్డరు చెప్పలేదు, మధ్యవర్తి చెప్పలేదు. ఇల్లు అమ్మేటప్పుడు వరండా దగ్గర్నుంచి వాటర్ ట్యాంకు దాకా చూపించారు, ఈ ఒక్కటీ చూపించలేదు.

రోడ్డు మీద ఎండ తెల్లగా ఉడుకుతోంది. దూరంగా రోడ్డు తడిసినట్టు కనిపిస్తోంది, దగ్గరికి పోతే ఏమీ లేదు. నెల రోజులుగా తనూ అలాగే పరిగెత్తాడు. ఎక్కడో సాయం ఉందంటారు, పోతే ఏమీ ఉండదు. బ్యాంకుని టాప్‌అప్ అడిగాడు, ఇల్లు మీ పేరు మీదికి వచ్చాక ఇస్తామన్నారు. ఇల్లు రావడానికే కదరా నాయనా అడుగుతున్నది. మొదటి ఇల్లు కొనేవాళ్ళకి ప్రభుత్వం ఇస్తుందట అని రూమ్‌లో ఎవరో అంటే ఫోన్‌లో వెతికాడు. మొదట వచ్చిన నంబరుకి చేస్తే ముందు ఐదు వేలు కట్టండి, ఫైలు నడుస్తుంది అన్నాడు ఒకడు, వాడి గొంతులోనే దొంగతనం వినబడింది. రెండో నంబరు అసలైనదే, పాపం ఓపిగ్గా విని, మీరు బయటి దేశంలో సంపాదిస్తున్నారు కదా, ఇది మీకు వర్తించదండీ అన్నారు. రెండు వందల ఇరవై రియాళ్ళ జీతగాడు అక్కడి వాళ్ళ కళ్ళకి షేకు. షాపు యజమాని అర్బాబ్‌ని సర్వీసు డబ్బు ముందుగా ఇవ్వమని అడిగాడు. ఆ పెద్దాయన చెడ్డవాడు కాదు, టీ తాగించాడు, భుజం తట్టాడు, అది నువ్వు వెళ్ళిపోయేటప్పుడు ఇచ్చే డబ్బు, వెళ్ళిపోతున్నావా అని అడిగాడు. లేదన్నాడు తను. అయితే లేదన్నాడు ఆయన. బిల్డరుని సగం భరించమంటే, కారు పార్కింగు ఫ్రీగా ఇచ్చాం కదా భాయ్ అన్నాడు. కారు లేనివాడికి కారు పార్కింగు. వాడి మొహాన నవ్వు ఫోన్‌లోనే కనిపించింది. ఇవన్నీ అయ్యాక, అన్ని తలుపులూ తట్టి చేతులు నొప్పి పుట్టాక, మిగిలింది ఈ నిధి. నెలకి రెండు రియాళ్ళ చందాతో కడప జిల్లా వాళ్ళంతా కలిసి నడుపుకునేది. తొమ్మిదేళ్ళుగా తనూ కడుతున్నాడు. ఒక్క నెల తప్పలేదు. అడిగితే ఇస్తారు. ఇల్లు లేదని ఇద్దరు చెబితే చాలు.

ఇల్లు లేదని. అక్కడే ఉంది తంటా. తనకి ఇల్లుంది కదా. ఒమన్‌లో ఎవర్ని అడిగినా చెబుతారు, జిలానికి రాయచోటిలో రెండంతస్తుల పచ్చ మిద్దె ఉందని. ఫొటో చూశారు. ఆ ఫొటో తనే చూపించాడు. అబద్ధం ఫొటో కాదు, ఆ ఇంట్లోనే పుట్టాడు, ఆ వాకిట్లోనే సైకిలు నేర్చుకుని మోకాలు పగలగొట్టుకున్నాడు. వీసాకి, ఏజెంటుకి డబ్బు కావలసొచ్చి దాన్ని టమాటా మండీ ఆయనకి అమ్మేశాడు. ఇల్లు సంపాదించుకుందామని వస్తూ ఉన్న ఇల్లు అమ్ముకుని వచ్చినవాడు తనొక్కడేనేమో. వచ్చిన మొదటి నెలలో రూమ్‌లో పన్నెండు మంది, రాత్రి అన్నం తిన్నాక ఒకరి ఫోన్ ఒకరు చూసుకోవడం, ఇది మా పునాది, ఇది మా గోడ, ఇది మా తలుపు, టేకు. నీదేది అన్నారు. ఏం చెప్పాలి? ఫోన్‌లో ఆ పాత ఇంటి ఫొటో ఉంది, చూపించాడు. అమ్మేశానని చెప్పడానికి నోరు తెరిచేలోగా ఎవరో బాగుందిరా అన్నారు. బాగుందిరా అన్న మాట ఎంత తియ్యగా ఉండిందో. రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపు పద్నాలుగేళ్ళు సాగింది.

లీవుకి పోయిన ప్రతిసారీ ఆ వీధిలో నుంచి పోయేవాడు, ఎవరూ చూడకుండా ఒక ఫొటో తీసుకునేవాడు. మండీ ఆయన గేటు మార్చాడు, జిలాని రూమ్‌లో గేటు మార్చామన్నాడు. ఆయన పచ్చ రంగు వేయించాడు, నా భార్య షంషుకి పచ్చ ఇష్టం అన్నాడు తను. ఐదేళ్ళ కింద ఆయన పైన అంతస్తు వేయించాడు. కొంప మునిగింది. ఎందుకంటే రుస్తాఖ్‌లో ఒక రివాజు ఉంది, ఎవడింటికైనా ఊళ్ళో స్లాబు పడిందంటే ఇక్కడ వాడు దావత్ ఇవ్వాలి. స్లాబు దావత్. మటన్ బిర్యానీ, దాల్చా, చల్లటి లబన్ మజ్జిగ. స్లాబు పోసేరోజు అక్కడ మేస్త్రీలు తింటారు, ఇక్కడ రూమ్ వాళ్ళు తింటారు, ఇద్దరూ కష్టపడ్డవాళ్ళే అనేది లెక్క. ఇల్లు కట్టిన ప్రతివాడూ ఇచ్చాడు. తను ఇవ్వకపోతే ఎట్లా? ఇరవై ఆరు మందికి పెట్టాడు. ఎవరో కట్టుకున్న మిద్దెకి, ఎవరో పోయించిన కాంక్రీటుకి, తన సొంత డబ్బుతో రెండు పొట్టేళ్ళు కోయించాడు. దుఆ కూడా చేశారు, ఆ ఇంట్లో బరకత్ ఉండాలని. ఉండే ఉంటుంది, మండీ ఆయన బాగా సంపాదించాడని విన్నాడు. రామసుబ్బయ్య ఆ రోజు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు, పొట్టేలు మాంసం ముక్కలు ముక్కలుగా లేకుండా పెద్దగా కోయించావు, శానా బాగుండాది అబ్బయ్యా అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి, అదే వచ్చిన చిక్కు.

బర్కా దగ్గర రామసుబ్బయ్య చెప్పకుండానే బండి పక్కకి తీశాడు, హారన్ కొట్టాడు. మలయాళీ కుర్రవాడు కరక్ టీ రెండు కప్పులు కిటికీలోంచి ఇచ్చిపోయాడు. టైముకి అందుకోవాలి కదన్నా అన్నాడు జిలాని. అందుకుంటాంలే, ఏం తొందర అని రామసుబ్బయ్య తాపీగా ఊదుకుంటూ తాగుతున్నాడు. ఈ మనిషి తాపీ చూస్తే ఒళ్ళు మండుతుంది. ఇటుకల ఫ్యాక్టరీ డ్రైవరు, ఇరవై ఏళ్ళుగా ఇదే రోడ్డు మీద సిమెంటు ఇటుకలు మోస్తున్నాడు, ఎప్పుడూ తొందరలేదు, ఎప్పుడూ కోపం లేదు. అడిగేయ్, ఇప్పుడే, బండి ఆగి ఉంది, చేతిలో టీ ఉంది. అన్నా అన్నాడు. ఏంది అన్నాడు ఆయన, కప్పులోంచి తల ఎత్తకుండా. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. షంషున్నీసా.

ఆమె అడగలేదు, డబ్బు సంగతి. అదే ఎక్కువ బాధ. పొద్దున మళ్ళీ ఆ ఫ్లాటుకి పోయి వచ్చిందట. వంటింట్లో అలమర కొలిచిందట, మన స్టీలు డబ్బాలు సరిపోతాయట, నల్లా తిప్పితే నీళ్ళు ధారగా వచ్చాయట. అద్దె ఇంటి ఆయన మళ్ళీ వచ్చాడట, నెలాఖరుకి ఖాళీ చేస్తామని మాటిచ్చారు కదమ్మా అని గుర్తు చేసి పోయాడట. ఇవన్నీ నింపాదిగా చెప్పింది. చివర్లో సుబ్బయ్యన్న నీతోనే ఉన్నాడా, నా సలాం చెప్పు అంది. జిలానికి చిర్రెత్తింది. ఎప్పుడూ ఇదే. ఏ ఫోన్‌లోనైనా సుబ్బయ్యన్న ఎట్లున్నాడు, సుబ్బయ్యన్నకి పచ్చడి పంపిస్తాను. నా కొంప సోమవారం పోతుంటే నీకు సుబ్బయ్యన్న సలాములు. చెప్తాలే అని పెట్టేశాడు. సలాం చెప్పమంది అన్నాడు పొడిగా. రామసుబ్బయ్య నవ్వాడు, ఆయమ్మ బాగుండాల అన్నాడు, ఖాళీ కప్పు నలిపి సంచిలో వేశాడు, గేరు మార్చాడు.

సరే, ఎయిర్‌పోర్టు లోగా. పెద్ద రోడ్డెక్కాక బండ్లు పెరిగాయి. సెలవు రోజు సాయంత్రం, అందరూ సముద్రం వైపో, మాల్ వైపో పోతున్నారు. వేగం పట్టే రాడార్ ఒకటి పక్కబండి మీద తళుక్కుమంది. రామసుబ్బయ్య రాడార్‌కి ఎప్పుడూ దొరకడు. దొరికేది తనే. తన చేతులతో తనే ఉచ్చు పేనుకున్నాడు. ఈ సాక్షుల రూలు ఎవరిది? తనది. మూడేళ్ళ కింద మీటింగులో లేచి నిలబడి తనే అన్నాడు, ఎవడు పడితే వాడు ఇల్లు లేదని రాసి డబ్బు తీసుకుంటే ఎట్లా, ఊళ్ళో రెండిళ్ళున్నవాడు కూడా రాస్తాడు, ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకడు పరాయివాడై ఉండాలి, పైగా అర్జీ పెట్టినవాడు అందరి ముందూ లేచి గట్టిగా చదవాలి, అప్పుడు అబద్ధం ఆడాలంటే సిగ్గేస్తుంది. చప్పట్లు కొట్టారు. సెక్రటరీ రియాజ్ అప్పటికప్పుడు పుస్తకంలో రాసుకున్నాడు. ఎంత బాగా మాట్లాడాడు ఆ రోజు. ఇల్లున్న మారాజు కదా, ఇల్లు లేనివాళ్ళ సంగతి ఆయనే చూసుకోవాలి. అప్పుడెందుకు లేచాడు? ఇప్పుడు తలుచుకుంటే అర్థమవుతోంది, లేచి మాట్లాడేవాడి ఇల్లు ఎవరూ తవ్వి చూడరని లేచాడు. ఛీ.

ఆ రూలు కింద మొట్టమొదట నిలబడినవాడు యాసిర్. పులివెందుల పిల్లవాడు, ఇరవై ఐదేళ్ళుండవు, ఏసీలు బిగించే పని. చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని చదివాడు, నాకు సొంత ఇల్లు లేదు అని. గొంతు తనకే వినపడనంత మెల్లగా. జిలాని ముందు వరసలోంచి వెనక్కి తిరిగి అన్నాడు, ఇంకొంచెం గట్టిగా సదువు, వెనక కూచున్నోళ్లకు ఇనపడాల. నవ్వారు కొందరు. పిల్లవాడు చెవులు ఎర్రబడి మళ్ళీ చదివాడు. చదివాక జిలానియే అడిగాడు, మీ నాయన ఇల్లుంది కదా అని. ఉంది సార్, ఒక గది, నలుగురు అన్నదమ్ములం అన్నాడు వాడు. వాటా ఉంటే ఇల్లున్నట్టే అని తీర్పు చెప్పాడు జిలాని. రియాజ్ అటూ ఇటూ చూశాడు, ఎవరూ మాట్లాడలేదు, అర్జీ పక్కన పెట్టేశారు. యాసిర్ కొనుక్కోబోయిన రెండు సెంట్ల స్థలం, రేకుల ఇల్లు ఇంకెవరో కొనుక్కున్నారు. వాడు దాని గురించి ఎవరితోనూ గొడవ పడలేదు. నెల నెలా రెండు రియాళ్ళు తెచ్చి పెట్టెలో వేసి పోతూనే ఉన్నాడు. గొడవ పడి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టి ఉంటే ఈ రోజు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఇక ఈ రామసుబ్బయ్య ఒకడు. ఈయనతో మాట్లాడటమే కష్టం, ఎందుకంటే ఈయన ఇల్లు గురించి మాట్లాడడు. లోకంలో అందరూ అడుగుతారు, మిద్దె ఎట్లుంది, పైన బాడుగకిచ్చినారా, బోరు వేయించినారా అని. వాళ్ళకి పడుకున్నా లేచినా చెప్పగలిగే జవాబులు తన దగ్గర తయారుగా ఉన్నాయి. ఈయన మాత్రం అడగడు. మొదట్లో అడిగేవాడే. ఎప్పుడో ఒక లీవుకి పోయి వచ్చాక మానేశాడు. ఎవరైనా ఆ మాటెత్తితే లేచి నీళ్ళు తాగడానికి పోతాడు, లేకపోతే బండికి గాలి కొట్టించాలంటాడు. సొంత ఊరివాడు, ఒక్కసారన్నా మీ ఇల్లు ఎట్లుందని అడగకపోతే ఏమనుకోవాలి? పొగరు. ఆయనకి ఊరి బయట ఎకరన్నర, ఎర్రమట్టి, అందులో చిన్న ఇల్లు, మూడు గేదెలు. సొంతంగా ఉన్నవాడికి ఎదుటివాడి మిద్దె కంటికి ఆనదు. ఇదిగో అట్లాంటివాడి ముందు, నాకు లేదన్నా అని చేయి చాపాలి. ఒకవేళ నవ్వితే? నవ్వకపోతే ఇంకా కష్టం. జాలిపడితే? ఎయిర్‌పోర్టు దాటిపోయింది. ఒక విమానం పొట్ట చూపించుకుంటూ దిగుతోంది. ఎవరో లీవు అయిపోయి తిరిగి వస్తూ ఉంటారు, పచ్చళ్ళ డబ్బాలు, కొత్త ఫొటోలు.

ఘుబ్రా వచ్చింది. ఇంకా ఐదు నిమిషాలు. అడగకుండా దిగిపోతే ఏమవుతుంది? కవరు కవరులాగే తిరిగి పోతుంది, సోమవారం పదకొండున్నరకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు షంషు కాగితాల సంచి పట్టుకుని నిలబడి ఉంటుంది, మధ్యాహ్నం దాకా నిలబడి, ఇంటికి పోతుంది. తిట్టదు. అలమర కొలిచిన టేపు చుట్టి పెట్టేస్తుంది. అద్దె ఇంటి ఆయనకి ఇంకో మాట చెబుతుంది. పద్నాలుగేళ్ళుగా చెబుతున్నదే. పోనీ అడిగేస్తే? ఇరవై ఆరు మంది తిన్న బిర్యానీ ఇరవై ఆరు నోళ్ళలోకి తిరిగి వస్తుంది. దుక్మ్ నుంచి రుస్తాఖ్ దాకా ఒక నెల రోజులు నవ్వుకుంటారు. ఎవడింటి మిద్దెకో పొట్టేళ్ళు కోసిన జిలాని. ఆ పేరు ఇక పోదు, పాస్‌పోర్టులో రాసినా రాస్తారు. కోపం వచ్చింది అతనికి, ఎవరి మీదో తెలియని కోపం. బ్యాంకు మీద వచ్చింది, బిల్డరు మీద వచ్చింది, బాగుందిరా అన్న ఆ మొదటి మనిషి మీద కూడా వచ్చింది, అందరి చుట్టూ తిరిగి తిరిగి వచ్చి తన ఒళ్ళోనే, ఆ ప్లాస్టిక్ కవరు మీదే కూర్చుంది.

రామసుబ్బయ్య హోటల్ వెనక సందులో బండి ఆపాడు. ఇంజను ఆపలేదు, ఏసీ తిరుగుతూ ఉంది. ఐదున్నరకి ఇంకా పది నిమిషాలుంది. దిగుదామనలేదు ఆయన. ముందున్న గోడ మీద ఏసీ నీళ్ళు కారి పచ్చగా పాచి పట్టింది, దాన్ని చూస్తూ కూర్చున్నాడు. జిలాని కూడా దాన్నే చూశాడు. చూస్తూ చూస్తూ, తను అనుకున్న మాటలేవీ కాకుండా, "అన్నా, ఆ పచ్చమిద్దె మాది కాదు" అన్నాడు.

"తెలుసు" అన్నాడు రామసుబ్బయ్య.

ఏసీ తిరుగుతూనే ఉంది. జిలాని తల తిప్పలేదు. తిప్పితే ఆ మొహం మీద ఏముంటుందో అని భయం.

"నాలుగేండ్ల కిందట లీవుకు పోతా ఉంటే పార్సిలిచ్చింటివి కదా. బస్టాండు కాడ మీ ఇంటామెకియ్యమంటివి. ఆయమ్మ ఫోను కలవలా. ఫొటోలో చూసిన ఇల్లే కదా అని నేరుగా పోయి తలుపు కొడ్తి. మండీ ఆయప్ప వచ్చె. మేము కొని పదేండ్లాయ అనె. ఆయప్పే మీ సందు చూపించె."

సందు. రెండు గదులు, మెట్ల కింద వంట. ఒకటే కుర్చీ, దాని కాలు విరిగితే ఇనప తీగతో కట్టింది షంషు. ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి ఉంటుంది ఈయన్ని. టీ ఇచ్చి ఉంటుంది. నాలుగేళ్ళు. ప్రతి ఫోన్‌లో సుబ్బయ్యన్న ఎట్లున్నాడు, సుబ్బయ్యన్నకి సలాం. జిలానికి తల కొట్టేసినట్టయింది. షంషు ఏమంది అని అడగబోయాడు. రామసుబ్బయ్యే చెప్పాడు.

"ఒకటే మాట అడిగె. ఆయనకు చెప్పొద్దన్నా, నువ్వు చూసినావని తెలిస్తే ఆయన ఇంగ లీవుకు గూడా రాడు, అనె. చెప్పనమ్మా అంటి. అందుకే నీతో ఇంటి మాట ఎత్తింది లేదు. అడిగితే నీతో ఇంగో అబద్ధం ఆడించినట్టయితాదని."

పొగరు అనుకున్నాడు తను. నాలుగేళ్ళు ఈ మనిషిని మనసులో తిట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గుతో తిరిగాయో దేనితో తిరిగాయో, కిటికీ వైపు తిరిగి తుడుచుకున్నాడు. అర్జీ సంగతి కూడా తెలుసా అని అడిగాడు చివరికి. రియాజ్ నిన్ననే ఫోన్ చేశాడట, జిలాని అర్జీ పెడతానన్నాడు, రెండో సాక్షి రాయచోటివాడే కావాలి, నీకేమన్నా తెలుసా అని. తెలుసుననీ అనలేదు, తెలియదనీ అనలేదు, తోడుకుని వస్తానులే అన్నాడట. అందుకే ఎనభై దాటలేదు. అందుకే బర్కాలో టీ. నువ్వుగా చెప్తావేమోనని సూస్తాంటి, అన్నాడు, నేనెత్తితే బాగుండదు.

జిలాని కవరులోంచి కాగితం తీశాడు. రామసుబ్బయ్య స్టీరింగు మీద పెట్టుకుని, జేబులోంచి పెన్ను తీసి, ఇటుకల చలానాల మీద పెట్టినట్టే పొడుగ్గా తెలుగులో సంతకం పెట్టాడు. పెట్టి తిరిగి ఇవ్వలేదు. కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. అప్పుడు మొదటిసారి ఆ మొహంలో తాపీ లేదు.

"ఆ పొద్దు మీటింగులో లేయాలనుకున్యా జిలానీ. నువ్వా పిల్లోన్ని నిలబెట్టి అడుగుతాంటే, లేచి చెప్పేద్దామనుకున్యా. మీ ఇంటామెకిచ్చిన మాట అడ్డమొచ్చె. కూచుండిపోతి. మూడేండ్లాయ, యాసిర్ మొగం సూడలేను నేను."

వాడు ఈ రోజు వస్తాడా అని అడిగాడు జిలాని.

"వస్తాడు. ఎప్పుడు రాలేదు వాడు?"

అయితే సోమవారానికి ఈ డబ్బు వచ్చినా, తర్వాతది యాసిర్ అర్జీయే కావాలి, వాటా రూలు కొట్టేయమని నేనే అడుగుతాను అన్నాడు జిలాని. అన్నాడే కానీ ఆ మాట ఎంత తేలికగా ఉందో అతనికే వినపడింది. ఆ రేకుల ఇల్లు పోనే పోయింది. రామసుబ్బయ్య కాగితం జిలాని చేతిలో పెట్టాడు. సంతకం నా పని, సదవడం నీ పని అన్నాడు. పైన కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో గట్టిగా నవ్వుతున్నారు, రియాజ్ కావచ్చు. మెట్ల దగ్గర నాలుగు జతల చెప్పులు అప్పటికే ఉన్నాయి. ఇరవై ఆరు మందిలో ఎంతమంది వస్తారో. ఒకసారి ఇక్కడే సదువు, నాలిక తిరగాల గదా, అన్నాడు రామసుబ్బయ్య.

జిలాని కాగితం ఎత్తాడు. అక్షరాలు తనవే, నిన్న షాపులో కౌంటరు మీద రాసినవే, అప్పుడు ఇంత పెద్దగా లేవు. సీమ మిత్రుల సహాయ నిధి సభ్యులకు, షేక్ జిలాని, రాయచోటి. ఇంతవరకు బాగానే వచ్చింది. ఊపిరి తీసుకున్నాడు. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా, ఈ మాట తన నోటితో తను అనలేదని అప్పుడు తెలిసింది. నాకు ఇక్కడ గానీ, మా ఊళ్ళో గానీ, సొంత ఇల్లు లేదు. అన్నాడు. అనేశాడు. తన గొంతు ఎవరిదో పిల్లవాడి గొంతులా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడినవాడి గొంతులా వినిపించింది.

రామసుబ్బయ్య ఇంజను ఆపేశాడు. ఏసీ చప్పుడు ఆగిపోయింది.

"ఇంకొంచెం గట్టిగా సదువు" అన్నాడు మెల్లగా. "వెనక కూచున్నోళ్లకు ఇనపడాల."

జిలాని కాగితం రెండు చేతులా పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు.